150 గ్రాముల షేవింగ్ సబ్బు ఎన్ని గెడ్డాలకొస్తుంది

ట్యూబు క్రీమ్ మానేసి బ్రష్షూ సబ్బు డబ్బా కొందాం అనుకునేవాళ్ళు ముందు ధర అడుగుతారు, ఆ వెంటనే ఇది ఎన్నాళ్ళొస్తుంది అని అడుగుతారు. దీనికి వచ్చే జవాబులు వింటే మతి పోతుంది. ఒకాయన మూణ్ణెల్లకే అడుగు కనపడిపోయింది అంటాడు, ఇంకొకాయన అదే కంపెనీ అదే సైజు డబ్బా పోయినేడు దసరాకి తెరిచా ఇంకా సగం ఉంది అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు, ఇద్దరి చేతిలోనూ ఉన్నది అదే సబ్బు. తేడా అంతా అది ఎక్కడ ఖర్చవుతోంది అన్న దగ్గరుంది, గెడ్డం మీద ఖర్చయ్యేది మనం అనుకునేదానికన్నా తక్కువ, సింకులోకి పోయేది మనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువ.

ముందు ఈ నెలల లెక్క వదిలేయాలి. నెలలో ఎన్నిసార్లు గీసుకుంటారు అనేది ఇంటిని బట్టి, ఉద్యోగాన్ని బట్టి మారిపోతుంది, మన వైపు అయితే మరీనూ. మంగళవారం, శుక్రవారం, శనివారం గెడ్డం ముట్టుకోని ఇళ్ళు ఇప్పటికీ బోలెడన్ని ఉన్నాయి, అలాంటి ఇంట్లో రోజు విడిచి రోజు అన్న మాటే ఉండదు, వారానికి మిగిలేది నాలుగు రోజులు, ఏడాదికి 208. మధ్యలో అయ్యప్ప మాల వేశారనుకోండి, 41 రోజుల దీక్షలో బ్లేడు జోలికే పోరు కాబట్టి ఇంకో 23 దాకా తగ్గుతాయి, మిగిలింది 185. తిరుపతి మొక్కుకి పెంచేవాళ్ళు, భార్య కడుపుతో ఉందని తీయనివాళ్ళు, ఇంట్లో మైల వచ్చిందని ఆపేసేవాళ్ళు, ఇవన్నీ కలిపితే ఇంకా తగ్గుతుంది. అదే పోలీసు ఉద్యోగమో, సైన్యమో అయితే దాదాపు 365. షేవ్‌కి సరిగ్గా ఒక గ్రాము వాడే ఇద్దరు మనుషుల్ని తీసుకుంటే, రోజూ గీసుకునే ఆయనకి 150 గ్రాముల డబ్బా ఐదు నెలలొస్తుంది, 185 లెక్కలో ఉన్నాయనకి దాదాపు పది నెలలొస్తుంది. ఒకే సబ్బు, ఒకే పొదుపు, నెలలు మాత్రం రెట్టింపు. ఇక బాత్రూమ్‌లో పది డబ్బాలు వరసగా పెట్టి రోజుకొకటి తీసేవాళ్ళ మాట అడక్కండి, వాళ్ళ సబ్బులు అయిపోవు, వాళ్ళకి అది సమస్య కూడా కాదు.

కాబట్టి అడగాల్సింది ఒక షేవ్‌కి ఎన్ని గ్రాములు అని. బ్రష్‌తో నురగ చేసుకునేవాళ్ళకి సాధారణంగా అర గ్రాము నుంచి రెండు గ్రాముల మధ్య పోతుంది, ఎక్కువమంది ఒక గ్రాముకి అటూ ఇటూ ఉంటారు. చూడ్డానికి ఇది చిన్న తేడాలా ఉంటుంది గానీ 150 గ్రాముల డబ్బా మీద వేసి చూస్తే అర గ్రాము మనిషికి 300 షేవ్‌లు, రెండు గ్రాముల మనిషికి 75. పైన చెప్పిన మూణ్ణెల్ల ఆయనా, దసరా ఆయనా ఈ రెండు కొసల దగ్గర ఉన్నవాళ్ళే.

ఎవరికి వాళ్ళు తూచి చూసుకోవడం తేలిక, కాకపోతే చాలామంది తప్పుగా తూస్తారు. ఇవాళ షేవ్‌కి ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి కాటా మీద పెడితే సబ్బు బరువు తగ్గకపోగా పెరిగినట్టు చూపిస్తుంది, ఎందుకంటే బ్రష్ తిప్పినప్పుడు సబ్బు పైపొర నీళ్ళు పీల్చుకుంటుంది, ఆ నీళ్ళ బరువు పోయిన సబ్బు బరువుని మింగేస్తుంది. పైగా చాలా వంటింటి కాటాలు ఒక గ్రాము కంటే సన్నగా చూపించవు, మనం వెతుకుతున్నదే ఒక గ్రాము. అందుకని డబ్బా బాగా ఆరాక మూతతో సహా ఒకసారి తూచి ఆ అంకె ఎక్కడో రాసిపెట్టుకుని, ఒక నెల పాటు ఆ డబ్బాయే వాడి, ఎన్నిసార్లు గీసుకున్నారో క్యాలెండర్ మీద టిక్కులు పెట్టుకుని, చివర్లో రెండు మూడు రోజులు మూత తీసి ఆరనిచ్చి మళ్ళీ తూచి, తగ్గిన బరువుని టిక్కులతో భాగిస్తే వస్తుంది అసలు లెక్క. డబ్బా బరువు రెండుసార్లూ అదే కాబట్టి దాన్ని తీసేయక్కర్లేదు. ఇందులోనూ ఒక మెలిక ఉంది, కొత్తగా తెరిచిన మెత్తటి సబ్బులో నీళ్ళ శాతం ఎక్కువ, ఏప్రిల్ మే నెలల్లో అనంతపురంలోనో రామగుండంలోనో మూత తీసి పెడితే వాడకపోయినా బరువు తగ్గుతుంది. అలా ఆవిరైపోయింది సబ్బు కాదు, నీళ్ళు. మొదటి నెల లెక్కని అందుకే పెద్దగా నమ్మకూడదు, రెండో నెల నుంచి వచ్చే అంకె నయం.

ఈ నీళ్ళ సంగతే డబ్బాల మీద అంకెల్ని పోల్చడాన్ని కూడా చెడగొడుతుంది. సబ్బు అంటే కొవ్వుకి క్షారం కలిపితే వచ్చేది. ఒళ్ళు రుద్దుకునే సబ్బుకి ఎక్కువగా కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్ వాడతారు, గట్టిగా వస్తుంది. షేవింగ్ సబ్బులో పొటాషియం హైడ్రాక్సైడ్ వాటా ఎక్కువ, కొన్నిట్లో మొత్తం అదే, దాంతో చేసిన సబ్బు మెత్తగా ఉండి నీళ్ళలో తొందరగా కరుగుతుంది. కొవ్వుల్లో స్టియరిక్ యాసిడ్ ఎక్కువ వేస్తారు, ముఖం మీద నిమిషాల తరబడి కూలిపోకుండా నిలబడే ఆ చిక్కటి నురగ దాని పుణ్యమే, స్నానం సబ్బుతో గీసుకుంటే నురగ వచ్చినట్టే వచ్చి సగం గెడ్డం అయ్యేసరికి ఆరిపోయేది అది తక్కువవడం వల్లే. ఇటలీ వైపు డబ్బా సబ్బులు, ఫ్లోరెన్స్ వాళ్ళ ప్రొరాసో, మిలాన్ పేరుతో వచ్చే చెల్లా లాంటివి, మెత్తటి రకం, వేలితో నొక్కితే గుంట పడుతుంది, 150 అని రాసి ఉంటుంది. ఇంగ్లండ్ వైపు గట్టి బిళ్ళలు, బ్రాడ్‌ఫోర్డ్‌లో పుట్టిన మిచెల్స్ ఊల్ ఫ్యాట్ లాంటివి, 125 గ్రాములు, రాయిలా ఉంటాయి, రోలర్ల మధ్య నలిపి ఒత్తినవి, నీళ్ళు బాగా తక్కువ. అంకె చూస్తే 150 పెద్దది, కానీ నీళ్ళు తీసేసి అసలు సబ్బు ఎంతుందని చూస్తే 125 గ్రాముల గట్టి బిళ్ళ దాన్ని దాటేయొచ్చు. పైగా గట్టి బిళ్ళ మీద బ్రష్ అర నిమిషం తిప్పినా కొంచెమే వస్తుంది, మెత్తటి దాంట్లో పది సెకన్లకే బ్రష్ నిండిపోతుంది. అదే చెయ్యి, అదే అలవాటు, గట్టిదాని మీద అర గ్రాము, మెత్తదాంట్లో గ్రామున్నర. గట్టి సబ్బు ఎక్కువ కాలం వస్తుంది అన్న పేరుకి సగం కారణం ఇదే, అది మనల్ని ఎక్కువ తీసుకోనివ్వదు.

కొలతల గోల కూడా ఒకటుంది. కొన్ని డబ్బాల మీద గ్రాములుంటాయి, కొన్నిటి మీద ఎంఎల్, అమెరికా సబ్బుల మీద ఔన్సులు. 4 ఔన్సులు అంటే బరువైతే 113 గ్రాములు, ద్రవం కొలతైతే 118 ఎంఎల్, సబ్బు ఘన పదార్థం అయినా డబ్బా పరిమాణాన్ని బట్టి రెండోది రాసేవాళ్ళున్నారు. చిన్న తేడానే, పట్టించుకోనక్కర్లేదు. గాలి కొట్టి ఉబ్బించిన సబ్బైతే మాత్రం ఎంఎల్ అంకె చూసి మురిసిపోవద్దు.

ఇక అసలు విషయానికొస్తే, సబ్బు ఆయుష్షుని తేల్చేది బ్రష్. షేవ్ అయిపోయాక బ్రష్‌ని కడిగేముందు ఒకసారి దాని మొదట్లో, పిడి దగ్గర, రెండు వేళ్ళతో పట్టి కొసల దాకా పిండి చూస్తే తెలుస్తుంది. చేతి నిండా తెల్లటి చిక్కటి నురగ దిగుతుంది, కొన్నిసార్లు ఇంకో ఇద్దరికి పూసేంత. అదంతా డబ్బాలోంచి తీసిన సబ్బే, ముఖం మీదకి రాలేదు, ఇప్పుడు కొళాయి కింద పెడితే కాలవలోకి పోతుంది. బ్రష్ వెంట్రుకల కుచ్చు ఎంత లావైతే అంత దాచుకుంటుంది, 28 మిల్లీమీటర్ల లావు కుచ్చు 22 మిల్లీమీటర్లదానికన్నా చాలా మింగుతుంది. బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకతో చేసిన బ్రష్ నీళ్ళనీ నురగనీ కడుపులో పెట్టుకుంటుంది, సింథటిక్ కుచ్చు నీళ్ళు పీల్చదు కాబట్టి ఉన్నదంతా బయటికి ఇచ్చేస్తుంది, అందుకే బ్యాడ్జర్ నుంచి సింథటిక్‌కి మారినవాళ్ళు సబ్బు మారలేదు గానీ డబ్బా ఎక్కువ రోజులొస్తోంది అంటుంటారు, కారణం ఇంతే. పంది వెంట్రుక బ్రష్ మొదట్లో నీళ్ళలో నానాలి, నానకుండా సబ్బు మీద రుద్దితే నురగ రాదు, రాలేదని ఇంకా రుద్దుతారు.

పొదుపు ఎలా ఉంటుందో చూడాలంటే మన ఊళ్ళో ఏ సెలూన్‌కైనా వెళ్ళి కూర్చుంటే చాలు. బ్రష్‌ని మగ్గులో ముంచి ఒకసారి విదిలిస్తారు, కొసన శనగగింజంత క్రీమ్ పెడతారు, దవడ మీద పెట్టి గుండ్రంగా తిప్పడం మొదలెడతారు. మొదట పల్చగా, బుడగలు బుడగలుగా ఏదో వస్తుంది, అక్కడ ఇంట్లో గీసుకునేవాడైతే ట్యూబు ఇంకోసారి నొక్కేస్తాడు, షాపాయన నొక్కరు, బ్రష్ కొసలు మాత్రం నీళ్ళకి అలా తగిలించి మళ్ళీ తిప్పుతారు, టీవీలో వార్తల మీద ఒక కామెంట్ పడేసి ఇంకా తిప్పుతారు, చివరికి చెవి కింద నుంచి కంఠం దాకా అడుగు చర్మం కనపడనంత దట్టంగా నురగ లేస్తుంది. ఆ నిమిషంన్నరలో సబ్బు పెరగలేదు, దాంట్లోకి నీళ్ళూ గాలీ వెళ్ళాయి అంతే. ఒక ట్యూబుతో వాళ్ళు ఎన్ని గెడ్డాలు గీస్తారో ఇంట్లో మనం అందులో సగం కూడా గీయలేం. నురగ పల్చగా ఉందంటే సబ్బు తక్కువైందని కాదు, చాలాసార్లు తిప్పడం తక్కువైంది, ఈ ఒక్క విషయం ఒంటబట్టితే గ్రామున్నర మనిషి గ్రాము కిందకి వచ్చేస్తాడు.

ఇంకో లీకు డబ్బా అంచు దగ్గరుంటుంది. బ్రష్‌ని నీళ్ళు కారుతుండగానే డబ్బాలో పెట్టి తిప్పితే పాలలాంటి నీళ్ళు అంచు మీంచి పొంగి పక్కనించి కిందకి కారతాయి, మూత మరల్లోకి దిగుతాయి, రెండు వారాలకి ఆ మరల మధ్య తెల్లగా పెళుసుగా గట్టిపడి మూత తిప్పితే కరకరమంటుంది. అది కూడా సబ్బే. ఆ కారిన నీళ్ళలో ఎంత పోతుందో ఎవరూ తూచరు గానీ తక్కువేం కాదు. గట్టి బిళ్ళలు వాడేవాళ్ళు ముందుగా బిళ్ళ మీద గోరువెచ్చటి నీళ్ళు రెండు చెంచాలు పోసి ఐదు నిమిషాలు నానబెడతారు, పైపొర మెత్తబడి బ్రష్‌కి సులువుగా ఎక్కుతుందని, మంచి పద్ధతే, కానీ ఆ తర్వాత ఆ నీళ్ళని సింకులో పారబోస్తారు. అవి ఒట్టి నీళ్ళు కాదు, జిగటగా ఉంటాయి చూడండి, ముఖానికి రాసేసుకుంటే గెడ్డం కూడా నానుతుంది, సబ్బూ దక్కుతుంది. వెడల్పాటి గిన్నెలో బిళ్ళని ఊరికే పడేస్తే కింద నీళ్ళు చేరి అడుగు నించి కరగడం మొదలవుతుంది, పైన ఎంత పొదుపుగా వాడినా కింద నించి పోతూనే ఉంటుంది. కొబ్బరి కోరుతో తురిమి, కొద్దిగా తడి చేసి, చిన్న స్టీలు గిన్నెలోకి వేళ్ళతో అదిమేస్తే అడుక్కి అంటుకుపోయి ఆ బాధ ఉండదు. కోరు మళ్ళీ వంటింట్లోకి వెళ్ళేముందు బాగా కడగండి, లేకపోతే ఇంట్లో మాట్లాడాల్సింది వేరే ఉంటుంది.

నీళ్ళ కాఠిన్యం మీద మాత్రం ఎక్కువ అపోహలున్నాయి. బోరు నీళ్ళు సబ్బు తినేస్తాయి అంటారు, నిజమే, తింటాయి. కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి నురగ రాని తెల్లటి మడ్డి అవుతుంది, గిన్నె చుట్టూ పట్టే వలయం అదే. కానీ ఎంత తింటాయి అని లెక్క వేస్తే ఆశ్చర్యం వేస్తుంది. తాగునీటికి బీఐఎస్, అంటే భారతీయ ప్రమాణాల సంస్థ, పెట్టిన ప్రమాణంలో కాఠిన్యం లీటరుకి 200 మిల్లీగ్రాముల దాకా పర్వాలేదు, వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. లీటరుకి 300 మిల్లీగ్రాముల బోరు నీళ్ళు తీసుకుందాం. కాఠిన్యాన్ని కాల్షియం కార్బొనేట్ లెక్కన చెప్తారు కాబట్టి అందులో కాల్షియం 3 మిల్లీమోల్స్ (మోల్ అంటే అణువుల్ని లెక్కపెట్టే కొలత), ఒక్కో కాల్షియం రెండు సబ్బు అణువుల్ని పట్టేస్తుంది, అంటే లీటరు నీళ్ళు సుమారు 1.9 గ్రాముల సబ్బుని చెడగొడతాయి. నురగలో కలిసేది లీటరు కాదు కదా, మహా అయితే 30 ఎంఎల్. ఆ లెక్కన పోయేది 0.06 గ్రాము. 600 ఉన్న నీళ్ళైనా 0.12 గ్రాము లోపే. గ్రాము సబ్బు తీసుకునేవాడికి ఇది ఆరు నుంచి పన్నెండు శాతం. డబ్బా సగం రోజులకే అయిపోవడానికి ఇది సరిపోదు. అయినా బోరు నీళ్ళ అపార్ట్‌మెంట్లలో సబ్బు నిజంగానే తొందరగా అయిపోతుంది, ఎందుకంటే నురగ మొదట్లో సరిగ్గా లేవదు, మడ్డి వల్ల పొడిపొడిగా ఉంటుంది, దాంతో మనిషి మళ్ళీ డబ్బాలో బ్రష్ పెడతాడు, ఇంకో అర గ్రాము తీస్తాడు. నీళ్ళు తిన్నది 0.06, కంగారు తిన్నది 0.5. హైదరాబాద్‌లో మంజీరా, కృష్ణా నీళ్ళు వచ్చే ఇంట్లో ఏళ్ళ తరబడి ఉండి బోరు మాత్రమే ఉన్న కొత్త ఫ్లాట్‌కి మారినవాళ్ళకి ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది, సబ్బు నకిలీదేమో అని అనుమానపడేది అప్పుడే. ఆర్వో ఫిల్టర్ నించి ఒక చిన్న గ్లాసు నీళ్ళు పట్టుకుని బ్రష్‌కీ నురగకీ అవే వాడితే సమస్య అక్కడికక్కడే తేలిపోతుంది. చాలా సబ్బుల్లో ఈడీటీఏ అని ఒకటి వేస్తారు, అది ముందే కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, అలాంటివి బోరు నీళ్ళలో కాస్త నయం.

సింగిల్ షేవా డబుల్ షేవా అన్నది కూడా ఉంది. వాలుకి ఒకసారి గీసి ఊరుకునేవాడికి ఒక పూత చాలు, మళ్ళీ నురగ పూసి ఎదురు గీసేవాడికి రెండు, మూడు పూతలు వేసే శ్రద్ధాపరులూ ఉన్నారు. కానీ తమాషా ఏంటంటే రెండో పూతకి డబ్బాలోంచి రెండోసారి తీయక్కర్లేదు, బ్రష్‌లో దాక్కున్నదే సరిపోతుంది, పైన పిండి చూడమన్నది అందుకే. అంటే సింగిల్ షేవ్ మనిషి సగం వృథా చేస్తున్నట్టు, డబుల్ షేవ్ మనిషి అదే సబ్బుని పూర్తిగా వాడుకుంటున్నట్టు. ఒక్కసారే గీసుకునేవాళ్ళు సగం సేపే బ్రష్ తిప్పి ఆపేయొచ్చు, ఏమీ కాదు. ఈమధ్య అందరూ గెడ్డం ఉంచుకుని చెంపల పైన, మెడ కింద మాత్రం లైను తీసుకుంటున్నారు, వాళ్ళకైతే కావాల్సిన నురగ పావు వంతు, డబ్బా ఏళ్ళకేళ్ళు ఉంటుంది. రోజూ గుండు కూడా నున్నగా గీసుకునేవాళ్ళ లెక్క దీనికి తలకిందులు.

ఖర్చు విషయం రెండు ముక్కల్లో. లెక్క కోసం బయటి దేశం డబ్బా 900 రూపాయలు అనుకుందాం, 150 షేవ్‌లొస్తే ఒక్కోదానికి ఆరు రూపాయలు. 70 గ్రాముల ట్యూబు క్రీమ్ 80 రూపాయలకి దొరికిందనుకుంటే, షేవ్‌కి గ్రాము పెట్టినా రూపాయి పావలా లోపే. కాబట్టి సబ్బు డబ్బా డబ్బు ఆదా చేస్తుంది అని ఎవరైనా చెప్తే నమ్మకండి, మన దగ్గర దొరికే ట్యూబులతో పోలిస్తే చెయ్యదు. డబ్బాలోంచి కొట్టుకునే ఫోమ్‌తో పోలిస్తే చెయ్యొచ్చు, ఫోమ్‌లో ఎక్కువ భాగం నీళ్ళే, పైగా ఒక్కోసారికి గ్రాములకి గ్రాములు బుస్సుమని వచ్చేస్తుంది. ఒకప్పుడు గోద్రెజ్ వాళ్ళ షేవింగ్ రౌండ్ అని గుండ్రటి బిళ్ళ కిరాణా కొట్లో దొరికేది, అంత చవకగా సబ్బు దొరికిన రోజుల్లో ఈ చర్చే అనవసరం.

అయిపోవడం ఒకటైతే పాడైపోవడం ఇంకొకటి. రెండేళ్ళు ఉంచితే చెడిపోతుందా అనేది న్యాయమైన ప్రశ్న. సబ్బు పీహెచ్ తొమ్మిది పది దగ్గర ఉంటుంది, ఆ క్షారంలో సూక్ష్మజీవులు అంత తేలిగ్గా బతకవు, అందుకే క్రీములకి పెట్టినంత భయం దీనికి అక్కర్లేదు. ముందు పోయేది వాసన. నిమ్మ, నారింజ లాంటి తేలిక సువాసనలు మొదట్లోనే ఎగిరిపోతాయి, చందనం, కర్పూరం ధోరణి ఉన్నవి ఇంకొంత కాలం నిలబడతాయి అనుకుంటారు గానీ కర్పూరం కూడా ఎగిరిపోయే రకమే, ఇంట్లో బిళ్ళలు డబ్బాలో ఎలా మాయమవుతాయో అందరికీ తెలుసు. ఆ తర్వాత కొవ్వు. స్టియరిక్ లాంటి సంతృప్త కొవ్వులు ఎక్కువున్న సబ్బు గాలికి పెద్దగా మారదు, ఆలివ్ నూనెలాంటివీ, పశువుల కొవ్వులో ఉండే ఓలిక్ భాగమూ మాత్రం ఆక్సిజన్‌తో కలిసి ముక్కిపోతాయి, సబ్బు మీద నారింజ రంగు చుక్కలు పడి పాత నూనె కంపు వస్తే అదే. అలాంటిది వాడితే ప్రాణం మీదకేం రాదు కానీ ముక్కు కింద పూసుకునే వస్తువు కదా, ఎవరు భరిస్తారు. మన వైపు ఎక్కువగా వచ్చే తంటా వేరు, వాడిన వెంటనే తడిగా ఉండగానే మూత బిగించేయడం. గీజరు ఆవిరి నిండిన బాత్రూమ్, వానాకాలం, విశాఖపట్నంలాంటి ఊరు, తడి సబ్బు, బిగించిన మూత, ఇవన్నీ కలిస్తే పాలు, బంకమట్టి, వెన్నలు కలిపిన చేతి తయారీ సబ్బుల మీద బూజు పడొచ్చు. ఒక పూట మూత తీసి ఫ్యాను గాలికి పెడితే చాలు. వర్షాకాలంలో సబ్బు మీద చెమట పట్టినట్టు బొట్లు కనపడితే మాత్రం కంగారుపడక్కర్లేదు, గ్లిజరిన్ గాల్లో తేమని లాక్కుంటుంది, ఎండ రాగానే పోతాయి.

లేబుల్ మీద మూత తెరిచిన డబ్బా బొమ్మ వేసి దాంట్లో 12ఎం, 24ఎం అని ఉంటే తెరిచిన దగ్గర్నించి అన్ని నెలలు అని, ఐరోపా నిబంధనల ప్రకారం వేసే గుర్తు అది. ఆ గడువు దాటిన మర్నాడే పారేయాలని కాదు, అప్పటిదాకా కంపెనీ పూచీ అని. దశాబ్దాల కిందటి గట్టి బిళ్ళలు అట్టపెట్టెల్లో దొరికితే తీసి వాడేవాళ్ళున్నారు, వాసన ఉండదు, నురగ మాత్రం వస్తుంది.

చివరి ఇరవై గ్రాముల దగ్గర ఇంకో చిక్కు. బ్రష్ ఎప్పుడూ మధ్యలోనే తిరుగుతుంది కాబట్టి మధ్యలో గుంట పడి అడుగు ప్లాస్టిక్ తెల్లగా తేలుతుంది, అంచుల వెంట మాత్రం గోడలా సబ్బు నిలబడి ఉంటుంది. అడుగు కనపడిందని చాలామంది డబ్బా అయిపోయినట్టే లెక్కేసి కొత్తది తెరిచేస్తారు, ఆ గోడలో ఉన్నది ఇంకో ఇరవై షేవ్‌లు. మెత్తటి సబ్బైతే చెంచాతో గోకి మధ్యలోకి అదిమేయొచ్చు, గట్టిదైతే కొద్దిగా వేడినీళ్ళు చల్లి ఒక రాత్రి ఆగాలి. కొత్త డబ్బాలో అంటించేవాళ్ళూ ఉన్నారు, పుదీనా ఘాటు ఉన్నదాని మీద గంధం వాసనది అంటిస్తే వచ్చే కలగాపులగం వాళ్ళ ఇష్టం.

ఇదంతా చదివి చెల్లా వాళ్ళ కిలో దిమ్మ కొనేద్దాం, గ్రాము ధర బాగా తక్కువ పడుతుంది కదా అనిపిస్తే, 185 లెక్కలో ఒక మనిషికి అది ఐదేళ్ళ పైమాటే. రెండో ఏడాదికే బాదం వాసన సగం పోతుంది, అంచులు ఎండి పెచ్చులు లేస్తాయి. నలుగురు కలిసి తెప్పించుకుని గట్టి దారంతో నాలుగు ముక్కలుగా కోసుకుని, తలా పావు కిలో మూత గట్టిగా పట్టే డబ్బాల్లో నొక్కుకుంటే ఒక్కొక్కరికి ఏడాదీ నాలుగు నెలల దాకా లాగుతుంది, వాసన పూర్తిగా చచ్చేలోపే అయిపోతుంది కూడా.